ఏకగ్రీవం

బోర్డు మీటింగులంటే బయటివాళ్ళు ఏవేవో ఊహించుకుంటారు. మా దగ్గర గొడవలుండవు. మనసులో ఏమున్నా చివరికి అందరం సరేనంటాం, మీటింగు మినిట్స్ పుస్తకంలో ‘ఏకగ్రీవంగా’ అని రాస్తారు. ఒక్కరు కాదన్నా కంపెనీ పరువు పోతుందని మా భయం. ఇన్నేళ్ళు టెక్నాలజీ కంపెనీల్లో పెట్టుబడులు పెట్టి, వాటి బోర్డుల్లో కూర్చుని నేను బాగా వంటబట్టించుకున్న విద్య ఇదొక్కటే.

రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్‌కు చెప్పే యంత్రం చేసిన అమ్మాయికి కూడా మొదట నేర్పింది ఇదే. “ఏమున్నా బయట నాతో చెప్పుకో. బోర్డులో మాత్రం అందరితో పాటే చెయ్యెత్తాలి” అన్నాను. తనది పాలకొల్లు, నాది నిడదవోలు. మా వైపు పిల్ల అని మురిసిపోయి మొదటి పెట్టుబడి నేనే పెట్టాను. చేస్తున్న ఉద్యోగం మానిపించిందీ నేనే.

కంపెనీ పెద్దదయ్యాక మిగతా డైరెక్టర్లకు సీఈఓ కుర్చీలో ఆ అమ్మాయి బదులు ఇంకా అనుభవమున్న మనిషి కావాలనిపించింది. తనకు తెలియకుండా ముందే మాట్లాడుకున్నారు. ఇంకో ఏడాది చూద్దామని నేను గొణిగాను. ఛైర్మన్ తారీఖు ఖాయం చేసేశారు. సోమవారం బోర్డులో తీర్మానం. ఈలోగా తనకు చెప్పే పని నామీద పడింది. ఫోన్లో చెప్పడం మర్యాద కాదని రాజమండ్రిలో విమానం దిగి, కారులో పాలకొల్లు వెళ్ళాను. అదే నేను చేసిన తప్పు.

ఎప్పుడూ ఫోన్లో మాట్లాడే మనిషి గుమ్మంలో కనిపిస్తే ఏమనుకుంటారు? వాళ్ళమ్మగారి మొహం వెలిగిపోయింది. “మీరే వచ్చారంటే మంచి కబురే అయ్యుంటుందండి. ముందు భోంచేయండి, తర్వాత చెబుదురుగాని” అన్నారు. పులస దొరకలేదని నొచ్చుకుంటూనే కొసరి కొసరి వడ్డించారు. చేతులు కడుక్కుని వచ్చేసరికి కుంకుమ భరిణె, పళ్ళెంలో పట్టుచీర సిద్ధంగా ఉన్నాయి. ఆడపడుచుకి పెట్టినట్టు బొట్టుపెట్టి చేతిలో పెట్టారు. వద్దనలేక పుచ్చుకున్నాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

కారు దాకా వచ్చిన అమ్మాయికి అప్పుడు చెప్పాను.

“మీరు కాదంటారు కదండీ?” అంది.

“చూద్దాంలే అమ్మా” అన్నాను.

ఆదివారమంతా నాతో నేనే పోట్లాడుకున్నాను. ఒక్కదాన్ని కాదన్నా తీర్మానం ఆగదు. కానీ తన పక్షాన ఒకరున్నారని తనకు తెలుస్తుంది. కాదనాలనే నిశ్చయించుకున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

సోమవారం అందరం ఎవరి స్క్రీన్ల ముందు వాళ్ళం కూర్చున్నాం. ఛైర్మన్ తీర్మానం చదివి, సమ్మతించేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఒక్కొక్కటే లేచాయి. నేను గొంతు సవరించుకున్నాను.

అంతలో స్క్రీన్ మీద అమ్మాయి గడిలో చెయ్యి లేచింది. తనను తీసేసే తీర్మానానికి తనే, నేను నేర్పినట్టే, అందరితో పాటే. ఎటో చూస్తోంది, నావైపు మాత్రం కాదు.

ఇక నేను కాదనక్కర్లేదన్న ఆలోచన రాగానే నా ప్రాణం హాయిగా కుదుటపడింది. ఆ హాయినే నేను క్షమించుకోలేకపోతున్నాను. నా చెయ్యీ ఎత్తాను.