మూగ టీవీ

మలుపులోని ఆ ఇంట్లో ముందుగది సెలూన్, వెనకగది కాపురం. సెలూన్‌లో టీవీ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నోరు మాత్రం మెదపదు. దాని గొంతు నొక్కేసింది సెలూన్ నడిపే బాబాయే. కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లే తెరమీది పెద్దమనుషులకు మాటలు అందించాలి. అది ఆ షాపు ఆచారం. టై కట్టుకుని చేతులు ఊపేవాడి బదులు లెక్కల మాస్టారు "మా ఇంట్లో ఉల్లిపాయలు నిండుకున్నాయహో!" అని గోల పెడితే, బాబాయ్ నవ్వు ఆపుకోలేక కత్తెర పక్కన పెట్టేస్తాడు.

ఈ పంతం ఊరికే పుట్టలేదు. ఒకనాడు తెల్లారేసరికి రోడ్ల శాఖవాళ్లు పైపుల కోసం ఇంటి ముందు గుంత తవ్వేశారు. అలవాటుగా గుమ్మం దాటిన బాబాయ్ భార్య అందులో పడి కాలు విరగ్గొట్టుకుంది. అడగబోతే "టీవీలో స్క్రోలింగ్ వేయించాం కదా" అన్నారు. కాలు అతుక్కుంది గానీ, ఇప్పటికీ ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, కిందికి చూసి మరీ అడుగేస్తుంది. అది చూసినప్పుడల్లా బాబాయ్ టీవీ వైపు గుర్రుగా చూస్తాడు.

అందుకే, ప్రభుత్వం రోడ్ల చట్టం తిరగరాస్తూ ప్రజల్ని కూడా సభకు వచ్చి తమ మాట చెప్పమంటే, షాపు మూసి మరీ వెళ్లాడు. తన వంతు రాగానే లేచి నిలబడ్డాడు.

"తవ్వే ముందు గడపగడపకీ మనిషిని పంపి నోటితో చెప్పించండి. ఈ ముక్క చట్టంలో రాయండి."

రాసుకున్నారు. ఆ సాయంత్రం టీవీలో మాత్రం, అదే సభలో కుర్చీలెత్తి కొట్లాడుకున్న ఇద్దరూ, తన వంతు కోసం కూర్చుని ఆవులిస్తున్న బాబాయీ మాత్రమే కనిపించారు. కింద 'జనానికి పట్టని చట్టం' అని పెద్దక్షరాలు. వీధంతా చూసింది. బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది.

కొన్నాళ్లకు, మాస్టారి గడ్డానికి నురగ పట్టిస్తుండగా తెరమీద అక్షరాలు పరిగెత్తాయి.

"ఏమయ్యోయ్, నీ ముక్క నెగ్గింది! చట్టంలో పెట్టారట!"

"టీవీ చెప్పిందా? అయితే నెగ్గలేదన్నమాట."

"మంచి చెప్పినా నమ్మవటయ్యా?"

"నా ఆవులింత చూశారుగా మాస్టారూ. ఆ ముచ్చట చాలు."

పైకి అలా అన్నాడే గానీ, అది నిజమైతే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. నమ్మి మళ్లీ నలుగురిలో నవ్వులపాలు కావడం మాత్రం ఆయనవల్ల కాదు.

ఒక పొద్దున, భార్య గుమ్మం దగ్గర ఆగి కిందికి చూస్తుండగా, రోడ్ల శాఖ మనిషి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"అమ్మా, రేపు మీ ఇంటి ముందు తవ్వుతాం, జాగ్రత్త. ఇల్లిల్లూ తిరిగి చెప్పాలట, కొత్త చట్టమట. ఏ మహానుభావుడు పెట్టించాడో గానీ, నా కాళ్లు పడిపోతున్నాయి!"

లోపల్నుంచి విన్న బాబాయ్ గబగబా బయటికొచ్చాడు. అతన్ని చెయ్యిపట్టి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. చల్లటి మంచినీళ్లిచ్చాడు. ఎదురుగా టీవీలో ఎవరో ఎప్పట్లాగే చేతులు ఊపుతున్నారు.

"ఇందాక చెప్పింది ఇంకోసారి చెప్పవయ్యా."

"వినబడలేదా?"

"వినబడింది. అయినా చెప్పు. కాస్త గట్టిగా."