రజిత ఆటలో రెండో సగం

నిన్న ఉదయం షిఫ్టులో ఉన్నాను. బొగ్గు బాయిలో, సర్వే పని మీద. పైనుంచి ఫోన్ వచ్చిందని, మేనేజర్ రమ్మంటున్నారని చెప్పారు.

బాయి లోపల చావు కబురు చెప్పరు. "ఆఫీసుల ఏదో పని ఉందట" అంటారు, అంతే. ఇన్నేళ్ళలో నేనూ ఎంతోమందికి అలాగే చెప్పి పైకి పంపాను. అందుకే ల్యాంప్ రూంలో దీపం తిరిగి ఇచ్చేసరికే నాకు అర్థమైంది.

ఎవరన్నదే తెలియలేదు.

రజిత.

నా భార్య. మీ అందరికీ మెజీషియన్ రజిత. బట్టలు ఆరేస్తూ పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. నేను దవాఖానకు చేరేలోపే అయిపోయింది. ఆమెకు నలభై మూడేళ్ళు.

సాయంత్రం గోదావరి ఒడ్డున అంతా పూర్తయ్యాక ఫోన్ తెరిచాను.

బంధువులు, దోస్తులు, కాలనీ గ్రూపులు. అందరూ నివాళి పెట్టారు.

అందరూ ఒకే క్లిప్ పెట్టారు.

రజిత మ్యాజిక్ చేసిన ఆ టీవీ షో క్లిప్. రజిత జడ్జి గారి వాచ్‌ని రుమాలులో చుట్టి సుత్తితో కొడుతుంది. రుమాలు విప్పితే ముక్కలు. రజిత ముఖం తెల్లబోతుంది. "సారీ సర్" అంటుంది. వెనక కామెడీ మ్యూజిక్. జడ్జి తల పట్టుకుంటాడు. కట్.

దాని కింద దండం పెట్టే బొమ్మ, ఏడ్చే బొమ్మ.

ఆ షో వాళ్ళ పేజీలో కూడా అదే. "వి మిస్ యు మేడమ్" అని రాసి. మ్యూజిక్ కూడా తీయలేదు.

ఇప్పుడు నేను చెప్పేది వినండి.

ఆ రోజు నేను స్టూడియోలో మూడో వరుసలో కూర్చున్నాను. వాచ్ పగలలేదు. "సారీ సర్" అన్నాక రజిత రెండు నిమిషాలు ఆగింది. ఆ తర్వాత, మొదటినుంచీ జడ్జి ముందే టేబుల్ మీద ఉన్న తాళం పెట్టెను ఆయన చేతే తెరిపించింది. వాచ్ అందులో ఉంది. నడుస్తూ ఉంది. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అందరం కొట్టాం.

అది టెలికాస్ట్ కాలేదు.

ఫోన్ చేసి అడిగితే షో కోఆర్డినేటర్ అమ్మాయి, టైం సరిపోలేదు సర్, కానీ ఫన్ బాగా వర్కౌట్ అయింది అంది.

రజిత పద్ధతే అది. ముందు ఓడిపోతుంది. జనాన్ని నవ్వనిస్తుంది, తిట్టనిస్తుంది. తర్వాత గెలుస్తుంది. మొదటి సగం ఒక్కటే చూపిస్తే అది మ్యాజిక్ కాదు. ఒక మనిషిని పదిమందిలో నిలబెట్టి నవ్వడం.

రామకృష్ణాపూర్‌లో ఒక పెళ్ళి. టీవీ షోకు చాలా ముందు. మేం బాబాయి లెక్క కాకా అని పిలిచే ఓదెలు దగ్గర రజిత ఉంగరం అడిగి తీసుకుంది. ఆయన బాయిలో కార్మికుడు, పెళ్ళికూతురికి మేనమామ. ఉంగరం మాయం చేసి, దొరకనట్టు వెతకడం మొదలుపెట్టింది. కాసేపటికి భోజనాల దగ్గర ఆయన ముందే తేల్చాలని ఆమె లెక్క.

కానీ కాకకు సెకండ్ షిఫ్టు. షిఫ్టు బస్సు హారన్ కొట్టింది. నోటికొచ్చినట్టు తిట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. మా దగ్గర ఆట కోసం షిఫ్టు ఆగదు. రజిత ఆ సంగతే మరిచింది, గని కార్మికుడి కూతురై ఉండి.

"బండి తియ్యి" అంది నాతో. మెరుపుల కోటు కూడా విప్పలేదు. గని గేటు దగ్గర కాకను పట్టుకున్నాం.

"కాకా, సగం ఆటల లేచి పోతే ఎట్లనే? డబ్బా ఇప్పు."

"ఇప్పుతె ఏమొస్తది? నా ఉంగురం పోగొట్టి మల్ల నా బువ్వ మీద పడ్డవా?"

డబ్బాలో బగారన్నం, పెళ్ళి లడ్డు. లడ్డు విరిచింది. ఉంగరం.

ఎట్లా అని అడగకండి. నాకు తెలుసు. చెప్పను.

గేటు దగ్గర ఉన్నవాళ్ళంతా ఈలలు వేశారు. కాక లడ్డు సగం నోట్లో పెట్టుకుని, మిగతా సగం రజితకిచ్చి బాయిలోకి దిగాడు.

షో తర్వాత బసంత్‌నగర్‌లో ఒక రిసెప్షన్. పెళ్ళికొడుకు దోస్తులు, "అక్కా, టీవీల ఫెయిలైంది గదా, గదే చెయ్యి" అన్నారు. చేసింది. వాచ్ పగిలింది. నవ్వారు. ఆమె రెండో సగానికి చెయ్యి ఎత్తేలోపు డీజే పాట పెట్టాడు. అందరూ స్టేజి ఎక్కి డ్యాన్సు మొదలుపెట్టారు.

చెక్కుచెదరని ఆ వాచ్‌ని తర్వాత సొంతదారు చేతికిచ్చి వచ్చింది. మామూలుగా. వస్తువు ఇచ్చినట్టు.

ఇంటికొచ్చాక షో వాళ్ళకు లాయర్ నోటీసు పంపుదామంది. ఊకో, నాలుగు రోజులైతే అందరూ మర్చిపోతారు అన్నాను. చదువుకున్నవాణ్ణి, నెమ్మదస్తుణ్ణి. అలాగే అంటాను.

ఎవరూ మర్చిపోలేదు. నిన్న నా ఫోన్ నిండా అదే. నా కోపం మీ ఒక్కరి మీదే కాదు, నా మీద కూడా.

నిన్న ఓదెలు కాక కూడా వచ్చాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఆ రోజు గేటు దగ్గర ఎవరో తీసిన వీడియో. నలభై సెకన్లు. బస్సు చప్పుడు, దుమ్ము. ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. ఫోన్ పట్టుకున్న చేతికి ఆ ఉంగరం ఉంది.

ఆ వీడియో ఈ పోస్టుకు పెట్టాను.

పాత క్లిప్ పెట్టినవాళ్ళు ఇవాళే తీసెయ్యండి. నా బామ్మర్దివైనా సరే, తీసెయ్యి. షో వాళ్ళకు కూడా రాశాను. మిగతా ఎపిసోడ్ మీ దగ్గరే ఉంది, అది వెయ్యండి, లేదా మా ఇంటి మనిషి పేరు ఎత్తకండి అని. జవాబు రాలేదు. ఈసారి ఊరుకోను.

రజితను తలుచుకోవాలంటే ఈ నలభై సెకన్లు చూడండి. చివరిదాకా.

రజితా, ఈసారి నడుమల నేను ఎవ్వరినీ లేవనియ్య. నువ్వు నిమ్మలంగ పండుకో.