జత కుదరని చక్రాలు

మా ఆయన పేరు జగన్నాధం. నెల్లిమర్లలో జూట్ మిల్లుకి పోయే దారిలో సైకిల్ షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల పందిరి, ఒక బెంచీ, పంచర్లు చూసే నీళ్ళ తొట్టి, గాలి పంపు, అంతే. నాకు మేనబావ. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా నేను బావా అనే పిలుస్తాను. మిల్లు షిఫ్టు మారే వేళకి ఒకప్పుడు షాపు ముందు సైకిళ్ళు వరసగా నిలబడేవి. తరవాత అందరూ మోటార్ సైకిళ్ళు కొనుక్కున్నారు. ఆయన మాత్రం సైకిల్ని వదల్లేదు. మోటార్ సైకిలుకి పంచర్ వెయ్యమంటే వేస్తాడు గానీ, మొహం చిట్లించుకుని వేస్తాడు.

వంకర పోయిన చక్రాన్ని సరిచెయ్యడంలో ఆయన చెయ్యి మంచిది. ఇది పెళ్ళాన్ని కాబట్టి చెప్పడం లేదు, విజయనగరం నుంచి కూడా చక్రాలు పట్టుకొచ్చేవారు. చక్రం తిప్పి, పుల్లల్ని ఒక్కొక్కటే వేలితో మీటుతాడు. పుల్లలంటే స్పోకులు. మోత తేడాగా ఉన్న పుల్ల దగ్గర ఆగి బిగిస్తాడు. ఆ టైములో పక్క కొట్లో పాటలు పెడితే వెళ్ళి ఆపించి వస్తాడు. అంత చెవి ఉన్న మనిషికి ఇంట్లో నేను పిలిస్తే వినపడదు.

మా బజార్లో ధర్మారావు గారికి పప్పులు, నూనెల హోల్‌సేల్ కొట్టు ఉంది. ఆయన కూతురు ఝాన్సీ. చిన్నప్పుడు ఆ పిల్ల మూడు చక్రాల బండికి కూడా మా ఆయనే నూనె వేశాడు. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. సైకిల్ పందేలకి వెళ్తుంది. ఆ సైకిలు చూస్తే రేసు సైకిల్లాగే హ్యాండిలు కిందికి వంగి ఉంటుంది, టైర్లు మాత్రం లావు. కంకర మీద, మట్టి రోడ్డు మీద తొక్కడానికట. గ్రావెల్ సైకిల్ అంటారు.

రెండువేల పద్దెనిమిది జనవరిలో మా దగ్గరే అలాంటి పందెం పెట్టారు. రామతీర్థం కొండ దగ్గర మొదలుపెట్టి, ఎర్రమట్టి దారిలో సముద్రం పక్క సరుగుడు తోటల దాకా పోయి, చంపావతి గట్టు మీదుగా మళ్ళీ రామతీర్థం రావాలి. అరవై కిలోమీటర్లు. ముందు రోజు ఝాన్సీ చక్రం మా ఆయనే బిగించాడు. ఆ సన్న పుల్లల్ని మన లావు పుల్లల్లాగే మోగాలని తన చెవికి నచ్చేదాకా బిగించాడు. ఇంకో తొమ్మిది కిలోమీటర్లు ఉందనగా గట్టు మీద ఒక పుల్ల తెగింది, చక్రం వంకర పోయింది. అప్పటికి ఆ పిల్లే ముందు ఉంది. సైకిలు భుజాన వేసుకుని నడిచి వచ్చింది. మా ఆయన్ని ఒక్క మాట అనలేదు.

"తిట్టీసినా బాగుండును" అన్నాడు ఇంటికొచ్చి. తెగిన పుల్లని షాపులో తన కళ్ళకి ఎదురుగా మేకుకి తగిలించాడు. ఇక రేసు సైకిలు ముట్టుకోనన్నాడు. ఏడాది పాటు నిజంగానే ముట్టుకోలేదు.

మళ్ళీ జనవరి వచ్చింది. పందేనికి ఆరు రోజుల ముందు ఝాన్సీ రెండు పెద్ద అట్టపెట్టెలతో షాపుకి వచ్చింది. నేను అన్నం క్యారేజీ తెచ్చి అక్కడే ఉన్నాను.

"బాబాయ్, విశాఖపట్నంలో సైకిల్ షాపు ప్రదీప్ గారు రెండు జతల చక్రాలు పంపించారు. వాడి సూసి ఒక జత ఉంచుకుని, రెండోది శనివారానికి పంపీమన్నారు. ఏది ఉంచాలో నువ్వు సెప్పు."

"నానెందుకు సెప్తాను? ఆ ప్రదీప్‌నే అడుగు."

"ఆయన గట్టు మీద తొక్కలేదు కదా."

"నాను తొక్కీసినానేటి?"

"నువ్వు నా చక్రం ఎరుగుదువు" అంది ఆ పిల్ల. పెట్టెలు బెంచీ మీద పెట్టి బడికి టైమయిందని వెళ్ళిపోయింది.

మా ఆయన ఆ మేకు వైపు చూశాడు. "ఒసే ఈశ్వరీ, ఈసారీ తప్పు సేస్తే మరి నాను చక్రాలు ముట్టను. పంచర్లేసుకుని బతికేస్తాను" అన్నాడు. ఆ మాట ఉత్తినే అనలేదని నాకు తెలుసు. అన్నం కూడా సగమే తిన్నాడు.

పెట్టెలు విప్పితే నల్లటి రింగులు. ఇనుమూ కాదు, అల్యూమినియమూ కాదు, కార్బన్ అట. ఎత్తితే ఖాళీ పళ్ళెం ఎత్తినట్టుంది. ఒక జత రింగులు టైరు అంచు నుంచి లోపలికి నా నాలుగు వేళ్ళంత లోతున్నాయి, రెండో జత రెండు వేళ్ళంత. లోతు రింగు గాలిని చీల్చుకుని పోతుంది, ఒకసారి వేగం అందుకుంటే తగ్గదు, పెద్ద పందేల్లో అందరూ అవే వేస్తారు అని ఝాన్సీ కాగితం రాసి పెట్టింది. మా ఆయన కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు రెండిటినీ గోటితో కొట్టి చూశాడు. లోతు రింగు గంభీరంగా మోగింది. ఆయన మొహం వెలిగింది. ఈ చెవి వల్లే కదా కిందటేడు మునిగాం అని నోటి దాకా వచ్చింది గానీ మింగేశాను.

గురువారం బడికి సెలవు. పొద్దున్నే ముగ్గురం రామతీర్థం వెళ్ళాం. ఝాన్సీ ముందు లోతు తక్కువ చక్రాలతో గట్టు మీద ఒక చుట్టు తొక్కింది. తరవాత లోతు చక్రాలతో తొక్కితే అదే దారిలో రెండు నిమిషాలు ముందే వచ్చేసింది.

"అయిపోయింది. ఇదే" అన్నాడు మా ఆయన. ఏడాది తరవాత ఆ మొహంలో నవ్వు చూశాను.

అక్కడికి దగ్గర్లోనే మా అమ్మ అసిరమ్మ కళ్ళం. వరి కుప్ప నూర్చి, ధాన్యం పోగేసి, తూర్పారబట్టడానికి చేట పక్కన పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. మాకు చోడి అంబలి పోసింది.

"ఏటత్తా, పని మానీసి కూకున్నావు?" అన్నాడు మా ఆయన.

"గాలి లేదు, ఏటి సేస్తాను? పొద్దెక్కి పది దాటితే సముద్రం మీది నుంచి వస్తాది. నీ పందెం ఎన్ని గంటలకిరా అల్లుడా?"

"ఏడున్నరకి మొదలు. మళ్ళీ ఈ గట్టు మీదకి వచ్చేసరికి పదిన్నర అవుతాది అమ్మమ్మా" అని ఝాన్సీ చెప్పింది.

"అయితే గాలి లేనప్పుడు తొక్కి సూసుకుని ఏటి సంబరం?" అంది అమ్మ.

మా ఆయన అంబలి గ్లాసు కింద పెట్టేశాడు. ముగ్గురం కూర్చున్నాం. పది దాటింది. ముందు గడ్డి కదిలింది, తరవాత నా కొంగు. అమ్మ లేచి ఎత్తుపీట ఎక్కి చేట అందుకుంది. ధాన్యం కిందికి, తాలు పక్కకి పోతోంది.

"ఆ చక్రం ఇలగ తే" అంది. లోతు చక్రం విప్పి ఇస్తే రెండు చేతుల్తో నిలబెట్టి గాలికి అడ్డంగా పట్టుకుంది. చక్రం ఆమె చేతుల్లో తిరిగిపోయింది. "సూడు, నా చేట కూడా ఇలగే తిరగబడతాది. నలభై ఏళ్ళ నుంచి పడతన్నాను కాబట్టి నాకు మణికట్టు ఆగుతాది. ఈ గుంటకి ఆగుతాదేటి?" అని ఝాన్సీ వైపు చూపించింది.

"సైకిలు మీద వేరు అమ్మమ్మా" అంది ఝాన్సీ. చక్రం బిగించుకుని గట్టెక్కింది. మలుపు దాకా బాగానే పోయింది. మలుపులో పక్క నుంచి గాలి కొట్టేసరికి ముందు చక్రం ఎవరో లాగినట్టు పక్కకి పోయింది, పిల్ల వెళ్ళి గడ్డిలో పడింది. దెబ్బ తగల్లేదు. లేచి తలలో గడ్డి దులుపుకుంటూ మా ఆయన వైపు చూసింది. ఆయన మొహం అచ్చం కిందటేడు మొహమే.

"సర్లే, లోతు తక్కువ జతే ఉంచుదాం. వేగం పోతే పోయింది" అంది ఆ పిల్ల.

మా ఆయన సైకిలు నిలబెట్టి, సీటు మీద నన్ను కూర్చోమన్నాడు. నా బరువు మీద నవ్వులాట వద్దన్నాను. "నవ్వులాట కాదే, ఎక్కు" అన్నాడు. ఎక్కాను. గాలికి వెనక చక్రం కదల్లేదు, ముందుది మాత్రం హ్యాండిలుతో సహా తిరిగింది. మళ్ళీ దిగమన్నాడు, మళ్ళీ ఎక్కమన్నాడు. నాలుగుసార్లు ఎక్కించి దింపాడు.

"వెనక మనిషి బరువున్నాది, దాన్ని గాలి ఏటీ సెయ్యలేదు. తిరిగేది ముందుదే. వెనకకి లోతుది, ముందుకి లోతు తక్కువది ఏసీద్దాం."

"జత కుదరదు కదా బాబాయ్" అంది ఝాన్సీ.

దొరికిన చక్రం దొరికినట్టు వేసుకుని తిరిగే సైకిళ్ళు మా ఊళ్ళో కావలసినన్ని. వాటిని చూసి నవ్వుతారు. పందెంలో అలా వెళ్తే ఎంతమంది నవ్వుతారో మా ఆయనకీ తెలుసు. అయినా ఫోన్ తీసుకుని ప్రదీప్‌కి తనే చేశాడు. రెండు జతల్లోంచి ఒక్కొక్కటి ఉంచుకుంటామని, నవ్వినా పరవాలేదని చెప్పాడు.

అవతలి మనిషి నవ్వలేదు. "గాలి ఎక్కువున్న చోట మేమూ అలాగే వేస్తామండీ. మీకెవరు చెప్పారు?"

"మా అత్త సెప్పినాది."

"ఆవిడా సైకిల్ తొక్కుతారా?"

"లేదు బాబూ, దాన్యం తూర్పారబడతాది."

పందెం ఆదివారం. ఆయన శనివారం పుల్లలు మీటలేదు. ప్రదీప్ ఫోన్‌లో చెప్పిన లెక్క ప్రకారం, అరువు తెచ్చిన, పుల్లల బిగువు కొలిచే పరికరంతో బిగించాడు. వేళ్ళు మాత్రం దురద పెట్టినట్టు పుల్లల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవి.

రామతీర్థంలో మొదలుపెట్టినప్పుడు నిజంగానే ఇద్దరు ముగ్గురు ఆ చక్రాలు చూసి మూతులు తిప్పారు. మేం వెళ్ళి గట్టు మలుపు దగ్గర నిలబడ్డాం. పదిన్నర అయింది. అమ్మ చెప్పిన గాలి అమ్మ చెప్పినట్టే వచ్చింది. ముందు వచ్చిన ఇద్దరు అమ్మాయిలూ మలుపులో ఊగిపోయి వేగం తగ్గించుకున్నారు. వెనకే ఝాన్సీ. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు, గట్టిగా పట్టుకున్నాడు, గాజు ఒకటి పగిలింది. ఝాన్సీ మలుపు తిరిగి ఒకమ్మాయిని దాటేసి అలాగే పోయింది.

మేం రామతీర్థం చేరేసరికి పందెం అయిపోయింది, ఝాన్సీ రెండోదిగా వచ్చింది. మొదటి అమ్మాయికీ తనకీ పది గజాలు తేడా. మా ఆయన ఆ పిల్ల దగ్గరికి వెళ్ళడానికి భయపడి వెనకే నిలబడ్డాడు. ఆ పిల్లే వచ్చింది, ఒళ్ళంతా ఎర్రమట్టి.

"చక్రాలు ఏటీ అనలేదు బాబాయ్. ఆఖర్న నా కాళ్ళే సాలలేదు. వచ్చే ఏడాదికి అవి నాను సూసుకుంటాను, ఇవి నువ్వు సూసుకో."

సోమవారం ఝాన్సీ చక్రాలు శుభ్రం చేయించాలని షాపుకి తెచ్చింది. చక్రం నడుమ హబ్బు సందుల్లో మట్టి గట్టిపడిపోయింది. మా ఆయన మట్టి గీకడానికి సన్నగా ఏదైనా ఉందా అని అటూ ఇటూ చెయ్యి చాపి, మేకుకి ఉన్న పుల్ల అందుకుని గీకడం మొదలుపెట్టాడు. ఏ పుల్ల తీశాడో ఆయన చూసుకోలేదు. నేను చూశాను గానీ చెప్పలేదు.