ఎల్లిగడ్డ వాసన

మా ఫిట్టర్ సారు మీటరు కంటే ముందు ముక్కు పెట్టేవారు. రైలింజను చక్రాలను తిప్పే మోటార్లలో ఏది కాలిందో వాసన చూసి చెప్పేవారు.

ఒక మధ్యాహ్నం గద్వాల స్టేషన్లో మా డీజిలింజను కదలబోయిన ప్రతిసారీ మోటార్లకు కరెంటు తెగిపోతోంది. నేను అసిస్టెంటు డ్రైవర్ని. సారు ఇంజను కిందికి దూరి ఒక్కో మోటారునూ వాసన చూసి, పైకొచ్చి మళ్లీ ముక్కెగరేశారు.

"మోటార్లన్నీ మంచిగనే ఉన్నయ్. పైన ఏడనో ఎల్లిగడ్డ మాడుతుంది."

"ఆకలైతుందా సారూ?" అన్నాడు డ్రైవరు, వెల్లుల్లి మాట వినగానే. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మోటార్లకు కరెంటు పంపే పెట్టె జాలీ మీద, వెచ్చబడతాయని జొన్నరొట్టెల మూట పెట్టిందీ నేనే. గాలాడక పెట్టె వేడెక్కింది. వాళ్లు చాయ్‌కి పోగానే మూట తీసేశాను. కాసేపటికి ఇంజను కదిలింది. ఆయనకు మాత్రం ఎల్లిగడ్డ సారని పేరు పడింది. ఆ ముక్కును మళ్లీ ఎవరూ నమ్మలేదు.

రిటైరైన రోజు మావాళ్లు ఆయన మెడలో ఎల్లిగడ్డల దండ వేశారు. సారు దాన్ని వాసన చూసి తల అడ్డంగా ఊపారు.

"ఇది కాదు. గా దినం దాంట్ల నువ్వులు గూడ ఉండె."

అప్పుడూ నవ్వాను. ఇప్పుడు చెబుతున్నాను. ఉండె సారూ. రొట్టెల నడుమ పెట్టే ఎల్లిగడ్డ కారంలో మా ఆవిడ నువ్వులు దంచి కలిపేది.