గాలికెందుకు ఆకుమడి

అమలాపురం నుంచి రాజోలు వెళ్లే బస్సులో నా ల్యాప్‌టాప్ మళ్ళీ మెమరీ చాలదంది. యాంటెన్నానీ చుట్టూ ఉన్న గాలినీ చిన్న చిన్న గడులుగా కోసి, తరంగాలు ఎలా వ్యాపిస్తాయో లెక్కగట్టే సిమ్యులేషన్ అది. సోమవారానికి ఫలితం చూపకపోతే ఆ పని వేరొకరికి వెళ్తుంది. మా కాలేజీలో పెద్ద కంప్యూటర్ ఉంది గాని, దాన్ని చూసుకునే ఆయన "జమీందారుగారు అడిగితే ఇవ్వమా!" అని ఎగతాళి చేశాడు. భూములు పోయినా మాకు రెండోసారి అడిగే అలవాటు రాలేదు.

పక్క సీటులో మెడలో చిన్న సిలువ ఉన్న ఒకావిడ తెర చూశారు.

"నేనూ ఈ పనేనండి. ఖాళీ గాలిక్కూడా ఇంత సన్న గడులెందుకండీ?"

"ఫలితం కచ్చితంగా రావాలి కదండీ."

"గడి కొలత సగం చేస్తే మూడు వైపులా కలిసి మెమరీ ఎనిమిది రెట్లవుద్దండి. ముందే లెక్క చూసుకోవాలండి. మా అమ్మ ఆకుమడిలో విత్తనాలు ఒత్తుగా చల్లేది, ఆ నారు తీసి చేలో ఎడంగా ఊడ్చేది. చేనంతా ఆకుమడి చేస్తారేంటండీ?"

"ఎవరి చేలో ఊడ్చేవారు?"

"తమలాంటోరి చేలోనేనండి, ఆయ్!" అని నవ్వేశారు.

యాంటెన్నా లోహం దగ్గర గడులు సన్నగా ఉంచి, దూరం పోయేకొద్దీ పెద్దవి చేశాను. పాశర్లపూడి వంతెన దాటేలోగా సిమ్యులేషన్ నా యంత్రంలోనే నడవడం మొదలైంది.

ఆవిడ దిగే ఊరు వచ్చింది. ఎవరొచ్చినా కూర్చున్నచోటు నుంచి లేవని వంశం మాది. నేను లేచి, పై అరలోంచి ఆవిడ సంచి దించాను.

"అయ్యో, మీరెందుకండీ!"

"మా ఇంట్లో పాఠం చెప్పినవారికి లేస్తామండి" అన్నాను.

బస్సు కదిలేదాకా నిలబడే ఉన్నాను.