తడితే వదలాలి

కరాటే నేర్పేవాడికి నడిరోడ్డు మీద చెంపదెబ్బ తగలడం కంటే అవమానం ఇంకోటి ఉండదని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. నాకు తగిలింది. ఉప్పల్ చౌరస్తాలో, మెట్రో పిల్లర్ల కింద, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా. గొడవ ఆ దెబ్బతోనే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనిపిస్తుంది. ఇంకో రెండు తిన్నా నాకేం పోయేది కాదు.

నేను హబ్సిగూడ, రామంతాపూర్ వైపు స్కూళ్లలో కరాటే చెప్పి బతుకుతాను. సాయంత్రం నాచారంలో మా ఇంటి దగ్గరున్న ఫంక్షన్ హాల్ మిద్దె మీద సొంత క్లాసు. మా స్పారింగ్ ఎలా ఉంటుందంటే, ఇద్దరూ వంగి దండం పెట్టుకుంటారు, ఎగురుతూ తిరుగుతారు, ఒకడి పిడికిలి ఇంకొకడి ఛాతీకి తగిలిందో లేదో నేను చెయ్యెత్తి ఆపేస్తాను. పాయింట్ ఇచ్చి మళ్లీ ఎవరి చోట వాళ్లను నిలబెడతాను. తల్లిదండ్రులు ఫోన్లలో వీడియో తీసుకుంటారు. ఎవరి పన్నూ ఊడదు, అందరూ సంతోషంగా ఇళ్లకు పోతారు.

నా తమ్ముడు నాకంటే పదేళ్లు చిన్న. మా నాన్న పోయాక నేనే పెంచాను. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్లాస్టిక్ కంపెనీలో మిషన్ మీద పని. చిన్నప్పటి నుంచి నా దగ్గరే కరాటే నేర్చుకున్నాడు. తర్వాత మా గల్లీ చివర టైర్ల షాపు పైన కొత్త జిమ్ ఒకటి పెట్టారు. నేలంతా మెత్తగా పరుపులు వేసి, ఒకళ్ల మీద ఒకళ్లు పడి దొర్లుతుంటారు. మెడలు ఇరికించడం, చేతులు మెలిపెట్టడం. జియు జిట్సు అంటారట. ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూసి, గుద్దు లేదు, తన్ను లేదు, ఇదేం కుస్తీరా అని నవ్వాను. తమ్ముడు నవ్వలేదు. కొన్నాళ్లకు నా క్లాసు మానేసి అక్కడ చేరాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సొంత తమ్ముడే వెళ్లిపోతే మిగతా పిల్లలకు నేనేం మొహం చూపించను?

ఇక అన్నం దగ్గర రోజూ ఇదే పంచాయితీ.

“ఒక్కటడుగుత జెప్పన్నా,” అనేవాడు. “ఇన్నేండ్ల సంది నేర్పుతున్నవ్ గద. ఒక్క మనిషినన్న పూర బలంతోని ఎన్నడన్న కొట్టినవా?”

“కొడితే సస్తడురా.”

“నేను జెప్పేది గదే. కొట్టకుండ నేర్సుకున్నది అక్కెరొచ్చినప్పుడు ఎట్లొస్తది?”

“మరి బాక్సింగోళ్లు నిజంగనే కొట్టుకుంటరు గద. గది నేర్సుకోరాదు?”

“రోజు గట్ల తలకాయ మీద దెబ్బలు తింటే మైండ్ ఖరాబైతది. అందుకే వాళ్లు గూడ రోజు జోరుగ కొట్టుకోరు. మేం మాత్రం రోజు పూర బలంతోని పట్టుకుంటం. అయినా ఎవ్వరికేం గాదు. ఎందుకంటే ట్యాప్ ఉంటది.”

ట్యాప్ అంటే ఏమిటో ఒక ఆదివారం ముందుగదిలో బొంత పరిచి చూపించాడు. పట్టు భరించలేకపోతే అవతలివాడి ఒంటి మీదో, నేల మీదో చేత్తో రెండుసార్లు తట్టాలి. తట్టగానే వదిలెయ్యాలి. అంతే. నా వెనక కూర్చుని మోచేతి మడతలో నా మెడ ఇరికించాడు. నేను తేలిగ్గా తీసుకున్నాను. మోచేత్తో డొక్కలో పొడిచాను, వేళ్లు విరవబోయాను, నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. వాడు కదలలేదు. విచిత్రం ఏమిటంటే ఊపిరి ఆడుతూనే ఉంది, కళ్ల ముందు మాత్రం అంచుల నుంచి నల్లగా మూసుకొస్తోంది. పరువు పోతే పోయిందని వాడి చేతి మీద తట్టాను. రెండో తట్టు పూర్తికాకముందే వాడి చేతులు విచ్చుకున్నాయి.

“సూసినవా? గింత జోరుగ పట్టిన. నీకేమన్న అయ్యిందా?” అని మంచినీళ్లు తెచ్చిచ్చాడు. “తడితే వదలాలె. మాకు గదొక్కటే రూల్. నిద్రల తట్టినా ఇడిసిపెడ్త.”

 నిజమైన కొట్లాటకు ఎవరి పద్ధతి పనికొస్తుందంటే వాడిదే. మేము దెబ్బ తగలకుండా ఆపడం నేర్చుకున్నాం, వాళ్లు ఎదుటివాడు పూర్తిగా తిరగబడుతున్నా పట్టి ఉంచడం నేర్చుకున్నారు. ఆ మాట వాడితో అనలేదు. “రోడ్డు మీద పరుపులుండవురా,” అని మాత్రం అన్నాను. అన్నగిరీ నిలబెట్టుకోవాలి కదా.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఉప్పల్‌లో ఆ గొడవ జరిగింది. నా క్లాసు పిల్లలకు కరాటే డ్రెస్సులు కొనడానికి ఇద్దరం బండి మీద వెళ్తున్నాం. చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో మంచినీళ్ల క్యాన్లు మోసే ట్రాలీ ఆటో ఒకటి ఉన్నట్టుండి వెనక్కి వచ్చింది. నా హ్యాండిల్ తగిలి ఒక క్యాన్ కిందపడి పగిలింది. డ్రైవర్ దిగాడు. నా వయసే ఉంటుంది, క్యాన్లు మోసి మోసి భుజాలు గట్టిపడ్డ మనిషి.

“కండ్లు నెత్తి మీదున్నయా?” అన్నాడు.

“ఎన్కకు సూడకుండ వచ్చింది నువ్వు. నన్నంటవేంది?” అన్నాను. నాకు నోటి దురుసు కొంచెం ఎక్కువ, ఇంకో మాట కూడా అన్నాను. చెంప ఛెళ్లుమంది. నా చెయ్యి అడ్డుపెట్టడానికి కూడా లేవలేదు. అతను వంగి దండం పెట్టి మొదలుపెట్టలేదు కదా.

నేను తేరుకునేలోపే తమ్ముడు అతని వెనక ఉన్నాడు. ఎలా పడేశాడో చూడలేదు. చూసేసరికి ఇద్దరూ కిందే ఉన్నారు. తమ్ముడు వెల్లకిలా, వాడి పొట్ట మీద ఆ మనిషి వెల్లకిలా, మెడ మోచేతి మడతలో. నాకు పట్టిన పట్టే. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు గర్వంగా అనిపించింది. చుట్టూ బండ్లు హారన్లు కొడుతున్నాయి, కొందరు ఫోన్లు తీశారు. ఆ మనిషి తమ్ముడి చెయ్యి గోళ్లతో రక్కాడు, మడమలు రోడ్డుకేసి రాశాడు, ఒక చెప్పు ఊడి ఎటో పడింది. తర్వాత చేతులు రెండూ పక్కకు జారిపోయాయి.

“ఇడ్వురా, ఐపోయింది,” అన్నాను.

తమ్ముడు వదల్లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, ముఖం ఆ మనిషి తల వెనక దాచుకుని ఉన్నాడు.

“ఇడ్వురా!”

“ఇంక ట్యాప్ జెయ్యలే అన్నా,” అన్నాడు.

ఆ మాట నాకు ముందు ఎక్కలేదు. ఎక్కగానే వంగి వాడి మణికట్టు పట్టి లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగినా రాలేదు. అప్పుడు ఎలా తట్టిందో బుద్ధికి, వాడి భుజం మీద రెండుసార్లు తట్టాను. చేతులు వాటంతట అవే విచ్చుకున్నాయి. లేచి కూర్చుని, పరుపు మీద ఆట ముగిసినట్టు, ఆ మనిషిని లేపడానికి చెయ్యి అందించాడు. అతను అందుకోలేదు.

మెడలో రక్తనాళం లోపల చిరిగిందని, అక్కడ గడ్డకట్టిన రక్తం తలకు ఎక్కిందని సర్కారు దవాఖానా డాక్టర్ చెప్పాడు. కుడివైపంతా పడిపోయింది. కళ్లు తెరుస్తాడు, ఎవరినీ గుర్తుపట్టడు, మాట లేదు. తమ్ముణ్ణి రిమాండ్‌కు పంపారు. అతను బతికితే ఒక కేసు, పోతే ఇంకో కేసు అన్నాడు వకీలు. జిమ్ వాళ్లు గోడ మీది ఫోటోల్లోంచి తమ్ముడి ఫోటో తీసేశారు.

జైల్లో ములాఖత్‌కు వెళితే ఇనప జాలీ అవతల నుంచి తమ్ముడు బెయిల్ గురించి అడగలేదు, కేసు గురించి అడగలేదు.

“లేసిండా?” అన్నాడు.

“లే.”

“రోజు పట్టే పట్టే గదన్నా. ఎవ్వరైనా తడ్తరు. ఆయనెందుకు తట్టలే?”

వాడు మొండికెయ్యడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది, దగ్గరకు తీసుకోవాలనిపించింది. మధ్యలో జాలీ ఉంది, ఏదీ చెయ్యలేదు. ఊరికే తల ఊపి వచ్చేశాను.

దవాఖానాకు వెళ్లొద్దని వకీలు గట్టిగా చెప్పాడు. ఇంట్లో కూర్చుంటే అన్నం దిగడం లేదు. ఏం అడగడానికో, ఏం చెప్పడానికో తెలియకుండానే వెళ్లాను. వార్డు చివరి మంచం. అతని భార్య పక్కన స్టూల్ మీద టిఫిన్ బాక్సు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పోలీస్ స్టేషన్‌లో నన్ను చూసింది కాబట్టి గుర్తుపట్టింది. తిడుతుందని, పొమ్మంటుందని సిద్ధపడే వెళ్లాను. తిట్టలేదు. అతను ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

“ఒక్కటి జెప్పు,” అంది. “చేతులు పడిపోయినంక గూడ మీ తమ్ముడు ఎందుకు ఇడ్వలే? ఏం పగ ఉండె మామీద?”

“పగేం లేదు చెల్లె. మీరెవ్వరో గూడ వానికి ఎర్క లేదు.”

“మరెందుకు ఇడ్వలే?”

చెప్పాల్సి వచ్చింది. “వాళ్ల జిమ్ముల ఒక రూలుంటది. పట్టు ఓర్సుకోలేకపోతే చెయ్యితోని రెండుసార్లు తట్టాలె. తడితే ఎమ్మటే ఇడిసిపెడ్తరు. వాడు గా తట్టుడు కోసం సూసిండు.”

చెబుతుంటే నాకే సిగ్గేసింది. అన్నం దగ్గర తమ్ముడు నా నోరు మూయించిన వాదన అదే. ఆ మంచం పక్కన నిలబడి చెబితే పిచ్చిమాటలా ఉంది.

“గది ఈయనకెట్ల ఎర్క?” అంది.

 ఆమె మంచం మీది భర్త చేతుల వైపు చూసింది.

“ఎట్ల తట్టాలె?” అంది.

ఎందుకడుగుతోందో అర్థం కాలేదు. మంచం ఇనపకడ్డీ మీద రెండుసార్లు తట్టి చూపించాను. పక్క మంచం వాళ్లు తిరిగి చూశారు.

ఆమె బాక్సు కింద పెట్టింది. భర్త కుడిచెయ్యిని తన రెండు చేతులతో ఎత్తింది. వేళ్లు వేలాడుతున్నాయి. ఆ అరచెయ్యిని కడ్డీకి ఆనించి, దెబ్బ తగులుతుందేమో అన్నంత మెల్లగా, రెండుసార్లు తట్టించింది. అతను ఫ్యాన్ వైపే చూస్తున్నాడు. చెయ్యిని మళ్లీ దుప్పటి మీద సర్ది పెట్టి, నా వైపు తిరిగింది.

“తట్టిండు,” అంది. “ఇగ ఇడ్వమను మీ తమ్మున్ని.”