బడే సాహెబ్ ట్రిగ్గర్

దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో ఎర్రటి కొండల కింద ఒక షూటింగ్ క్లబ్బు ఉంది. తుపాకులు విప్పి, తుడిచి, బాగుచేసే గది వెంకట్రాములుది. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. ఇండియన్ ఆర్మీలో ఆయుధాల మరమ్మతు చేసి రిటైరయ్యాక ఇక్కడికొచ్చి అదే పనిలో కుదిరాడు. మాట తక్కువ. అన్నది మాత్రం సూటిగా అంటాడు.

పని లేకపోయినా ఆ గదికి వచ్చే మనిషి ఒక్కడే. పోలీసు ఉద్యోగం చేసి దిగిపోయిన అరబ్బు పెద్దాయన. అందరూ బడే సాహెబ్ అంటారు. నడుముకు పిస్తోలు పెట్టుకోవడానికి ఆయనకు పర్మిట్ ఉంది. ఫ్లాస్కులో అరబ్బు కాఫీ గహ్వా పోసుకొచ్చి, వచ్చీరాని హిందీలో వెంకట్రాములుకు తన పాత రోజులన్నీ చెప్పేవాడు.

2022లో ఆయనకు పక్షవాతం వచ్చి తగ్గింది. కుడిచేతికి పట్టు పోయింది, చూపు మందగించింది.

"సైట్ కనబడటం లేదు రాములూ. ట్రిగ్గర్ లాగితే బండ లాగినట్టుంది. రెండూ మార్చు."

వెంకట్రాములు పిస్తోలు కొసన గురికోసం పెట్టే సైట్లు ఒక్కొక్కటే బిగించి చూపించాడు. ఆకుపచ్చది ఎండలో చెదిరిపోయింది. తెల్ల చుక్క గురి అట్టమీది కాగితంలో కలిసిపోయింది. చివరికి లావుపాటి నారింజ రంగుది పెడితే పెద్దాయన మొహం విప్పారింది. కాల్చిన గుండ్లన్నీ అరచేతి మేరలో పడ్డాయి. ఆ కాగితాన్ని తానే ఊడదీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ట్రిగ్గర్ కొంచెం తేలిక చేసి ఇస్తే చాలలేదు. "ఇంకా తగ్గించు" అన్నాడు.

"వద్దు సాహెబ్. పందేల్లో కాల్చే తుపాకీ అయితే చేసేవాణ్ణి. ఇది నడుముకుండేది. మీ వేలు మీ మాట వినని పూట దానంతటదే పేలుతుంది."

పెద్దాయన తన వేలివంక చూసుకున్నాడు. పిస్తోలు ఒరలో పెట్టుకుని, సలాం కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వెంకట్రాములు ఊళ్లో ఉన్న భార్య మాలతికి ఫోన్లో ఈ సంగతి చెప్పాడు.

"ఉన్నమాటే అన్న. గని గట్ల అనకుంట ఉండాల్సుండె."

"అయితే పోయి ఓమాటు కలిసి రారాదు?"

"గంత పెద్దోళ్లింటికి నేనెట్ల పోత? ఆయనే వస్తడు తీ."

ఆయన రాలేదు. వెంకట్రాములు ఊరుకోలేక వెతికి, వేలికి వెడల్పుగా ఆనే ట్రిగ్గర్ ఒకటి తెప్పించాడు. బరువు తగ్గించకుండానే అది లాగడానికి సులువు. బిగించి ఇద్దామని ఎదురుచూశాడు.

ఒకరోజు పెద్దాయన కొడుకు వచ్చాడు. రెండోసారి పక్షవాతం వచ్చి తండ్రి పోయాడన్నాడు. పోలీసులకు అప్పగించే ముందు పిస్తోలు ఖాళీగా ఉందో లేదో చూడమన్నాడు.

వెంకట్రాములు విప్పి చూశాడు. ఖాళీగానే ఉంది. ఎవరూ అడగకపోయినా నూనె గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"జబ్బు చేశాక బాబా ఏం చెప్పినా అందరం సరే సరే అన్నాం," అన్నాడు కొడుకు. "కాదన్నది మీరొక్కరేనట. అదే చెప్పుకునేవాడు. మీ దగ్గరికి వెళ్తానని గొడవ చేసేవాడు. కారు తాళాలు మేమే దాచాం."

వెంకట్రాములు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

మర్నాడు పరామర్శకు వెళ్లాడు. హైవే పక్క ఖర్జూరపు తోట వెనక ఇల్లు. అతణ్ణి పనికి తీసుకొచ్చే క్యాంపు బస్సు రోజూ ఆ గేటు ముందునుంచే పోతుంది.